గ.సా.భా. బయటికి తీసి బీజీయ సమాసాలను కారణాంకాలుగా విడగొట్టడం: మొదటి మెట్టు నుంచి సరిచూసుకోవడం దాకా

6క + 15 అనే సమాసాన్ని 3(2క + 5) అని కూడా రాయవచ్చు. విలువ మారలేదు, రూపం మారింది. మొదటిది రెండు పదాల మొత్తం, రెండోది రెండు కారణాంకాల లబ్ధం. మొత్తాన్ని లబ్ధంగా మార్చడమే కారణాంక విభజన. అందులో మొట్టమొదట చేయవలసిన పని, పదాలన్నిటిలో ఉన్న అతి పెద్ద ఉమ్మడి కారణాంకాన్ని, అంటే గరిష్ఠ సామాన్య భాజకాన్ని (గ.సా.భా.) బయటికి తీయడం. విభాగ న్యాయంలో బ్రాకెట్ విప్పేటప్పుడు బయటి సంఖ్య లోపలి ప్రతి పదాన్నీ గుణిస్తుంది కదా, ఇక్కడ అదే దారిలో వెనక్కి నడుస్తాం.

ఈ పద్ధతిలో తప్పులు చాలావరకు రెండు రకాలు. జవాబు అసలు సమాసానికి సమానం కాకపోవడం ఒకటి. సమానమే అయినా విభజన పూర్తి కాకపోవడం రెండోది. తిరిగి గుణించి చూస్తే మొదటి రకం తప్పు దొరుకుతుంది, రెండోది దొరకదు. అందుకే ప్రతి లెక్కకూ రెండు పరీక్షలు కావాలి. ఈ మార్గదర్శి పొడవునా ఆ రెండిటినీ వాడతాం.

చరరాశులకు ఇక్కడ క, చ అనే అక్షరాలు వాడుతున్నాం. మీ పుస్తకంలో ఎక్స్, వై అని ఉంటే వాటి చోట వీటిని అనుకోండి.

ముందుగా పదాలను గుర్తించడం

సమాసంలో కూడిక, తీసివేత గుర్తులు పదాలను వేరుచేస్తాయి. గుర్తు దాని కుడివైపున్న పదానికే చెందుతుంది. 4క² − 10కచ + 6క లో పదాలు మూడు: 4క², −10కచ, 6క. రెండో పదం 10కచ కాదు, −10కచ. ఈ అలవాటు మొదటి నుంచీ లేకపోతే రుణ గుర్తులు వచ్చినచోట లెక్క తప్పుతుంది.

సజాతి పదాలుంటే (అవే చరరాశులు అవే ఘాతాలతో ఉన్న పదాలు) ముందు కలిపేయండి. 5క² + 8క + 3క² + 4క ను అలాగే ఉంచి ఉమ్మడి కారణాంకం వెతకడం దండగ. కలిపితే 8క² + 12క అవుతుంది, అందులోంచి 4క బయటికి వస్తుంది: 4క(2క + 3). కలపకముందు గుణకాలు (చరరాశుల ముందున్న సంఖ్యలు) 5, 8, 3, 4 కాబట్టి వాటికి 1 తప్ప ఉమ్మడి భాజకం లేదు. అంటే కలపకపోతే 4 కనబడేదే కాదు.

మెట్టు 1: గుణకాల గ.సా.భా.

గుర్తులను పక్కన పెట్టి సంఖ్యలను మాత్రమే చూడండి. ప్రధాన కారణాంకాలుగా విడగొట్టడం అందరికీ తెలిసిన పద్ధతే. 24 = 2 × 2 × 2 × 3, 36 = 2 × 2 × 3 × 3, 60 = 2 × 2 × 3 × 5. మూడింటిలోనూ ఉన్నవి రెండు 2లు, ఒక 3. కాబట్టి గ.సా.భా. 12.

రోజువారీ లెక్కల్లో ఇంతకన్నా త్వరగా అయ్యే దారి ఉంది. గ.సా.భా. ఎప్పుడూ అతి చిన్న గుణకాన్ని మించదు, పైగా దాన్ని నిశ్శేషంగా భాగించాలి. అందుకని అతి చిన్న గుణకపు భాజకాలను పెద్దదాని నుంచి కిందికి పరీక్షించండి. 24 భాజకాలు 24, 12, 8, 6... 24తో 36 పోదు. 12తో 36, 60 రెండూ పోతాయి. అక్కడ ఆగిపోవచ్చు.

సంఖ్యలు పెద్దవైతే తేడాలు తీయండి. రెండు సంఖ్యలను భాగించేది వాటి తేడానూ భాగిస్తుంది. 84, 126, 210 తీసుకుంటే 126 − 84 = 42. 42 మూడింటినీ భాగిస్తుంది (2, 3, 5 సార్లు), కాబట్టి గ.సా.భా. 42. ఇదే ఆలోచనను పద్ధతిగా సాగిస్తే యూక్లిడ్ భాగహార విధానం వస్తుంది. 198, 84 లకు చూడండి: 198ని 84తో భాగిస్తే శేషం 30, 84ని 30తో భాగిస్తే శేషం 24, 30ని 24తో భాగిస్తే శేషం 6, 24ని 6తో భాగిస్తే శేషం సున్నా. సున్నాకు ముందు వచ్చిన శేషం 6, అదే గ.సా.భా. ప్రధాన కారణాంకాలు సులువుగా దొరకని సంఖ్యల విషయంలో ఇది ఎంతో నమ్మకమైన సాధనం.

మెట్టు 2: చరరాశుల గ.సా.భా.

ఒక చరరాశి ఉమ్మడి కావాలంటే ప్రతి పదంలోనూ ఉండాలి. ఒక్క పదంలో లేకపోయినా అది బయటికి రాదు. అన్ని పదాల్లోనూ ఉంటే, అతి తక్కువ ఘాతాంకం ఎంతో అంతే తీసుకోవాలి.

ఎందుకు తక్కువది? క⁴ అంటే నాలుగు క ల లబ్ధం, క² అంటే రెండు క ల లబ్ధం. రెండింటి నుంచీ సమానంగా తీయగలిగేది రెండే. గరిష్ఠం అన్నాం కదా అని పెద్ద ఘాతాన్ని ఎంచుకోవడం తరచుగా జరిగే పొరపాటు. అలా క⁴ ను బయటికి తీస్తే రెండో పదంలో 1/క² మిగులుతుంది, అప్పుడది బహుపదే కాదు.

మెట్టు 3: ప్రతి పదాన్నీ భాగించడం

పూర్తి ఉదాహరణగా 24క⁴చ² − 36క³చ³ + 60క²చ⁵ తీసుకుందాం. గుణకాల గ.సా.భా. 12. క ఘాతాంకాలు 4, 3, 2, తక్కువది 2. చ ఘాతాంకాలు 2, 3, 5; తక్కువది 2. మొత్తం గ.సా.భా. 12క²చ².

ఇప్పుడు ఒక్కో పదాన్ని దీనితో భాగించాలి. గుణకాలను భాగిస్తాం, ఘాతాంకాలను తీసివేస్తాం.

24క⁴చ² ÷ 12క²చ² = 2క²
−36క³చ³ ÷ 12క²చ² = −3కచ
60క²చ⁵ ÷ 12క²చ² = 5చ³

జవాబు: 12క²చ²(2క² − 3కచ + 5చ³).

కొత్తగా నేర్చుకునేవారు ఈ మూడు భాగహారాలనూ విడివిడి వరుసల్లో రాయడం మంచిది. మనసులోనే చేస్తే ఘాతాంకాలను తీసివేయడానికి బదులు భాగించే ప్రమాదం ఉంది: క⁶ ÷ క² ను క³ అని రాసేస్తారు. అది క⁴.

మెట్టు 4: రెండు పరీక్షలు

మొదటిది సమానత్వ పరీక్ష. బ్రాకెట్‌ను విప్పితే అసలు సమాసం రావాలి. పై జవాబులో 12 × 2 = 24, క² × క² = క⁴, చ² అలాగే ఉంది; మిగతా రెండు పదాలూ అలాగే సరిపోతాయి.

రెండోది పూర్తి పరీక్ష. బ్రాకెట్ లోపల మిగిలిన పదాలకు ఇంకా ఏదైనా ఉమ్మడి ఉందా? 2, 3, 5 లకు 1 తప్ప ఉమ్మడి భాజకం లేదు. మూడో పదంలో క లేదు, మొదటి పదంలో చ లేదు. ఉమ్మడి ఏమీ మిగల్లేదు, పని పూర్తయింది.

ఈ రెండో పరీక్ష ఎంత అవసరమో 18క³ + 30క² లో చూడండి. తొందరలో 3క బయటికి తీసి 3క(6క² + 10క) అని రాశారనుకుందాం. గుణిస్తే 18క³ + 30క² వచ్చేస్తుంది, తప్పేమీ కనబడదు. కానీ లోపల 6క², 10క లకు ఇంకా 2క ఉమ్మడిగా ఉంది. ఇలాంటప్పుడు అంతా కొట్టేసి మళ్లీ మొదలుపెట్టనక్కర్లేదు. లోపలి 2క ను కూడా తీసి, ముందే బయట ఉన్న 3క తో గుణించండి: 3క × 2క × (3క + 5) = 6క²(3క + 5). గుర్తుంచుకోండి, బయట ఉన్నవాటిని గుణించాలి, కూడకూడదు. 5క అని రాస్తే మొత్తం లెక్క పోతుంది.

విలువలు ప్రతిక్షేపించి సరిచూసే అలవాటు ఉంటే ఒక జాగ్రత్త. క = 1 పెట్టకండి. 1ని ఏ ఘాతానికి పెంచినా 1 కాబట్టి గుణకాల తప్పులు తెలుస్తాయేమో గాని, ఘాతాంకాల తప్పులు దాక్కుంటాయి. క = 0 పెడితే రెండు వైపులా సున్నా వచ్చి ఏ తప్పూ బయటపడకపోవచ్చు. క = 2, చ = 3 లాంటి వేర్వేరు విలువలు నయం.

మాయమయ్యే 1

14క³ − 21క² + 7క లో గ.సా.భా. 7క. మూడో పదం కూడా 7క యే. దాన్ని బయటికి తీశాక అక్కడ ఏమీ మిగలలేదనుకొని 7క(2క² − 3క) అని రాసేవాళ్లు ఎందరో. 7క ను 7క తోనే భాగిస్తే వచ్చేది సున్నా కాదు, 1. సరైన జవాబు 7క(2క² − 3క + 1).

దీన్ని పట్టుకోవడానికి గుణించే పని కూడా లేదు, పదాలు లెక్కపెడితే చాలు. అసలు సమాసంలో ఎన్ని పదాలున్నాయో బ్రాకెట్‌లోనూ అన్ని పదాలుండాలి.

మొదటి పదం రుణమైతే

−8క³ + 20క² − 4క లో 4క తీసినా తప్పు కాదు, కానీ −4క తీస్తే లోపలి మొదటి పదం ధనమవుతుంది, తర్వాతి పని తేలికపడుతుంది. రుణ కారణాంకం బయటికి వస్తే లోపలి ప్రతి గుర్తూ తారుమారవుతుంది: −4క(2క² − 5క + 1). మొదటి గుర్తును మాత్రమే మార్చి మిగతావి వదిలేయడం ఇక్కడ జరిగే తప్పు. −4క × −5క = +20క² అని ఒక్క మధ్య పదాన్ని గుణించి చూసినా అది బయటపడుతుంది.

ఉమ్మడి కారణాంకం ఒక బ్రాకెట్ అయినప్పుడు

5క(2చ + 1) − 3(2చ + 1) లో పదాలు రెండే. ఒక్కో పదంలో (2చ + 1) ఒక కారణాంకం. దాన్ని ఒకే వస్తువుగా చూసి బయటికి తీస్తే (2చ + 1)(5క − 3). ముందుగా బ్రాకెట్లు విప్పేస్తే 10కచ + 5క − 6చ − 3 వస్తుంది, చేతికందిన ఉమ్మడి కారణాంకం చెదిరిపోతుంది. కారణాంకాలు కావాలన్నప్పుడు బ్రాకెట్ విప్పేముందు ఒకసారి ఆగి చూడటం మేలు.

మాయమయ్యే 1 ఇక్కడ కూడా ఉంది. (క + 4)² + (క + 4) లో (క + 4) తీస్తే లోపల (క + 4) + 1 మిగులుతుంది, అంటే (క + 4)(క + 5).

బ్రాకెట్లకు ఘాతాలున్నా సూత్రం అదే, తక్కువ ఘాతాన్ని తీసుకోవాలి. 4క(క + 2)³ − 6(క + 2)² లో గ.సా.భా. 2(క + 2)². భాగిస్తే మొదటి పదంలో 2క(క + 2), రెండో పదంలో −3 మిగులుతాయి. లోపలిదాన్ని సూక్ష్మీకరిస్తే 2(క + 2)²(2క² + 4క − 3).

బ్రాకెట్లు ఒకేలా ఉండి గుర్తులు మాత్రమే ఎదురుగా ఉండే సందర్భం మీద శ్రద్ధ పెట్టాలి. క(చ − 3) + 5(3 − చ) లో ఉమ్మడి లేదనిపిస్తుంది. కానీ 3 − చ అంటే −(చ − 3). కాబట్టి క(చ − 3) − 5(చ − 3) = (చ − 3)(క − 5). ఇలా తిప్పినప్పుడు ఘాతాన్ని కూడా చూడాలి. సరి ఘాతమైతే గుర్తు మారదు: (3 − చ)² = (చ − 3)². బేసి ఘాతమైతే మారుతుంది: (3 − చ)³ = −(చ − 3)³.

నాలుగు పదాలుంటే జతలుగా

నాలుగింటికీ కలిపి ఉమ్మడి లేకపోయినా రెండేసి పదాలకు ఉండవచ్చు. 6క³ − 9క² + 4క − 6 చూడండి. మొదటి జత నుంచి 3క², రెండో జత నుంచి 2 తీస్తే 3క²(2క − 3) + 2(2క − 3). ఇప్పుడు (2క − 3) ఉమ్మడి: (2క − 3)(3క² + 2). చాలామంది 3క²(2క − 3) + 2(2క − 3) దగ్గరే ఆగిపోతారు. అది ఇంకా మొత్తమే, లబ్ధం కాదు. చివరిగా మిగిలిన కూడిక, తీసివేత గుర్తులన్నీ బ్రాకెట్ల లోపలే ఉన్నాయా అని చూసుకోండి.

రెండో జత రుణంతో మొదలైతే రుణ కారణాంకాన్నే తీయాలి. 10కచ − 15క − 4చ + 6 లో రెండో జత −4చ + 6 నుంచి 2 తీస్తే 2(−2చ + 3) వస్తుంది, మొదటి బ్రాకెట్‌తో కలవదు. −2 తీస్తే −2(2చ − 3). అప్పుడు 5క(2చ − 3) − 2(2చ − 3) = (2చ − 3)(5క − 2).

ఏ వరుసలో జత కట్టాలో ముందే తెలుసుకునే మంచి పరీక్ష ఒకటి ఉంది. మొదటి, నాలుగో పదాల లబ్ధం, రెండో, మూడో పదాల లబ్ధానికి సమానమైతే ఆ వరుస పనిచేస్తుంది. పై ఉదాహరణలో 10కచ × 6 = 60కచ, (−15క) × (−4చ) = 60కచ. సమానం. కారణం తేలికే: మొదటి పదానికి రెండో పదంతో ఉన్న నిష్పత్తే మూడో పదానికి నాలుగో పదంతో ఉంటే, రెండు జతల్లోనూ ఒకే బ్రాకెట్ మిగులుతుంది. సమానం కాకపోతే పదాల వరుస మార్చి మళ్లీ చూడండి. నాలుగు పదాలను రెండు జతలుగా చేసే దారులు మూడే, వాటిలో ఏదీ కుదరకపోతే సమాసాన్ని ఇలా రెండేసి పదాల జతలతో విడగొట్టలేం.

జతలు కట్టేముందు మొత్తం గ.సా.భా. తీయడం మరవకండి. 12క³ + 18క² − 8క − 12 లో ముందు 2 తీస్తే 2(6క³ + 9క² − 4క − 6), ఆపై 2(2క + 3)(3క² − 2).

భిన్నాలు, దశాంశాలు, రుణ ఘాతాంకాలు

గుణకాలు భిన్నాలైతే లవాల గ.సా.భా.ను లవంగా, హారాల కనిష్ఠ సామాన్య గుణిజాన్ని (క.సా.గు.) హారంగా తీసుకోండి. (2/3)క³ − (4/9)క లో లవాలు 2, 4 ల గ.సా.భా. 2, హారాలు 3, 9 ల క.సా.గు. 9. కాబట్టి (2/9)క బయటికి వస్తుంది: (2/9)క(3క² − 2). లోపల పూర్ణాంకాలే మిగలడం ఈ పద్ధతి ప్రయోజనం. దశాంశాలు కూడా అంతే, 0.6క + 1.5 = 0.3(2క + 5).

రుణ ఘాతాంకాల్లో అతి తక్కువ అంటే సంఖ్యారేఖపై ఎడమవైపున్నది. 3క⁻² + 6క లో తక్కువ ఘాతాంకం −2. రెండో పదంలో 1 − (−2) = 3 కాబట్టి జవాబు 3క⁻²(1 + 2క³).

తీసిన కారణాంకాన్ని పారేయకూడదు

6క + 15 ను 3తో భాగించి 2క + 5 అని రాయడం కారణాంక విభజన కాదు, అది వేరే సమాసం. 3 బయట నిలబడి ఉండాల్సిందే.

సమీకరణాల్లో రెండు వైపులా సున్నా కాని సంఖ్యతో భాగించవచ్చు, కానీ చరరాశితో భాగిస్తే ప్రమాదం. 5క² = 20క ను రెండు వైపులా 5క తో భాగిస్తే క = 4 ఒక్కటే వస్తుంది. అన్నీ ఒక వైపుకు తెచ్చి 5క² − 20క = 0, అంటే 5క(క − 4) = 0 అని రాస్తే క = 0 కూడా సాధన అని తెలుస్తుంది. సున్నాతో భాగించే వీలు లేదు కాబట్టి, భాగించేటప్పుడే క సున్నా కాదని మనకు తెలియకుండా అనుకున్నాం. సాధన పోయింది అక్కడే.

భిన్నాలను సూక్ష్మీకరించేటప్పుడు కొట్టివేయగలిగేవి కారణాంకాలే, పదాలు కావు. (6క² + 9క)/3క లో 9క ను మాత్రమే 3క తో కొట్టేసి 6క² + 3 అనడం తప్పు. లవాన్ని 3క(2క + 3) అని రాశాక 3క లు పోయి 2క + 3 మిగులుతుంది (క సున్నా కానప్పుడు).

దీని తర్వాత

గ.సా.భా. తీసేశాక లోపలున్నది ఇంకా విడిపోవచ్చు. 5క² − 45 లో వర్గాల భేదం కనబడదు. 5 తీస్తే 5(క² − 9), అంటే 5(క − 3)(క + 3). 3క³ − 12క² − 36క లో 3క తీస్తే 3క(క² − 4క − 12), అక్కడి నుంచి 3క(క − 6)(క + 2). ఏ సర్వసమీకరణం వాడాలన్నా ముందు గ.సా.భా. తీయమనేది ఇందుకే: సంఖ్యలు చిన్నవవుతాయి, దాగిన రూపం బయటపడుతుంది.

చేసి చూడండి

1) 16క²చ − 40కచ²
2) 27క⁵ + 9క³ − 45క²
3) −21క²చ² − 35కచ³
4) చ³ − 4చ² + 3చ − 12
5) 7(క − చ)² − 14(చ − క)

జవాబులు:

1) 8కచ(2క − 5చ)
2) 9క²(3క³ + క − 5). రెండో పదంలో గుణకం 1 అయినా క మిగిలింది చూడండి.
3) −7కచ²(3క + 5చ)
4) (చ − 4)(చ² + 3)
5) 7(క − చ)(క − చ + 2). ఇందులో −14(చ − క) ముందుగా +14(క − చ) అవుతుంది. మీకు లోపల −2 వచ్చిందంటే ఆ గుర్తు దగ్గరే తప్పు జరిగింది. క = 5, చ = 2 పెట్టి చూడండి: అసలు సమాసం 63 + 42 = 105, జవాబు 7 × 3 × 5 = 105.